నేను కూచుంటే ఆగే కారు

బోధన్
3 ఫిబ్రవరి 2025, సోమవారం

మామకు శిరీష దండాలు.

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో లెక్క లేదు. టెన్త్ పాసైనప్పుడు రాశానేమో. బావ పోయాక నువ్వు ఫోన్ పారేసి సిరికొండ పోయి కూచున్నావు కాబట్టి మళ్లీ కాగితం పట్టాల్సి వచ్చింది. నవ్వకు, బడిలో పిల్లలకు తెలుగు చెప్పీ చెప్పీ రాయడానికి కూచుంటే నాకు పుస్తకం తెలుగే వస్తుంది. దీన్ని నిజామాబాద్ బస్టాండులో మీ సిరికొండ బస్సు కండక్టర్ ముత్యమన్న చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆయనకే ఇవ్వు.

ప్రేమ్ బావ కారు స్టార్ట్ కావడం లేదు మామా. ఆ తెల్ల కారును ఇక కళ్లతో చూడలేనని నీ కోడలు సౌందర్యక్క డిసెంబర్‌లో దాన్ని చవగ్గా మాకిచ్చేసింది కదా. మొదటి నెల బాగానే నడిచింది. అమ్మకు సోమవారం, గురువారం నిజామాబాద్ దవాఖానలో డయాలసిస్. పొద్దున ఆరున్నరకల్లా బెడ్డు మీద ఉండాలి. మా ఆయన మహేందర్ అయిదింటికే రైస్ మిల్లుకు పోతాడు, అందుకే నేనే నడుపుకుంటూ తీసుకుపోతున్నాను. నాకు డ్రైవింగ్ వచ్చిందే ఈ కారులో. "బ్రేకు మీద నిలవడకే, అదేమన్న పీటనా" అని తిట్టుకుంటూ నేర్పాడు బావ.

రెండు వారాల నుంచి తాళం తిప్పితే కుయ్ కుయ్ కుయ్ మని తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. ఒక రోజు అందుకుంటుంది, ఒక రోజు లేదు. ఈ రోజు అందుకోలేదు. అమ్మను ఆటోలో తీసుకుపోయాను. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు, గుంతలు. ఎగిరి పడ్డ ప్రతిసారీ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నువ్వు షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసినవాడివి. చెవులు పోయినా బండి జబ్బు పోశన్న చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరని ఇప్పటికీ అంటారు. గురువారం లోపల ఏదైనా చెప్పు.

నీ మేనకోడలు
శిరీష


సిరికొండ
5 ఫిబ్రవరి

బిడ్డా శిరీషా,

ముత్యం నీ కాగితం తెచ్చిచ్చిండు. కారు సంగతి గంత రాస్తివి, మా అక్క పానం ఎట్లున్నదో ఒక్క ముక్క సక్కగ రాయకపోతివి. నాకు నీ పుస్తకం తెలుగు రాదు. మాట్లాడినట్టే రాస్త, కూడవలుక్కొని సదువుకో.

నాకు సప్పుడు వినవడది గనుక నువ్వే నా చెవులు. ఏ సప్పుడు వస్తే గా సప్పుడు ఉన్నదున్నట్టు రాయాలె. కుయ్ కుయ్ అని జల్ది జల్ది తిరుగుతుందా, కూ...య్ కూ...య్ అని గుంజుతుందా? గుంజుతే బ్యాటరీ. లైట్లేసి తాళం తిప్పు. లైట్లు గుడ్డిగైతే బ్యాటరీది తప్పు, కాకుంటే కాదు. బానెట్ లేపితే బ్యాటరీ కొసలకు తెల్లగ ఉప్పు లెక్క పట్టి ఉంటది. మసిలే నీళ్లు పోసి పాత బ్రష్షుతోని రుద్ది పానాతోని బిగియ్యి. బ్యాటరీ నుంచి బాడీకి పోయే నల్ల వైరు సూడు. గది లూజుంటే ఎంత కొత్త బ్యాటరైనా దండుగ.

బ్యాటరీ కొత్తదే. బండి మీకిచ్చేముందు నేనే ఏసిన. అయినా సూడు.

ఇంకొక మాట. గా కారు మీరు తీస్కునుడు నాకు మొదట్నుంచి ఇష్టం లేదు. సౌందర్యకు సెప్తే ఇనలే. సరే, అయిందేదో అయింది.

పోశన్న మామ


బోధన్
10 ఫిబ్రవరి, సోమవారం

మామకు,

నువ్వు చెప్పినట్టే కడిగాను, రుద్దాను, బిగించాను. లైట్లు గుడ్డిగా కావడం లేదు. జల్దీగా తిరిగే కుయ్ కుయ్‌యే. గురువారం మళ్లీ మొండికేసింది.

శుక్రవారం లింబయ్య మెకానిక్‌ను పిలిచాను. వచ్చాడు, కూచున్నాడు, ఒక్క తిప్పుకే స్టార్ట్! "బండి బంగారం లెక్కున్నదమ్మా. నీకే తిప్పుడు వస్తలేదు" అని నవ్వి పోయాడు. ఆయన గల్లీ మలుపు తిరగకముందే నేను ఎక్కాను. ఇంజన్ నడుస్తూనే ఉంది. నా కాళ్ల పొడుగు నీకు తెలుసుగా, బావ నన్ను బొంగరం అనేవాడు. సీటు ముందుకు లాక్కుని గేర్ వేయబోయేలోపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే కుయ్ కుయ్.

శనివారం మహేందర్ కూచుంటే స్టార్ట్ అయింది. ఆయన దిగి నేను ఎక్కితే ఆగింది. ఆయన మళ్లీ ఎక్కితే మళ్లీ నడిచింది. ఆయన నవ్వాడు. నేను మాత్రం ఆ రోజు మళ్లీ ఆ సీట్లో కూచోలేదు.

దానికి తోడు పక్కింటి గంగమణి వచ్చి, "పొద్దుగాల వాకిలి ఊడ్వవోతే మీ కార్ల స్టీరింగ్ కాడ మొగోడెవరో కూసున్నడు. మీ ఆయనేమో అనుకున్న" అంది. అప్పటికి మహేందర్ మిల్లుకు పోయి గంటయింది. అది విన్నదే ఆలస్యం, అమ్మ చెంబు నిండా పసుపు నీళ్లు కలిపించి వేపకొమ్మతో ఇంజనంతా చల్లించింది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. "మా ప్రేమ్‌కు ఆశ తీరలే. బండి ఇడిసిపెడుతలేడు" అంటుంది.

ఈ రోజు ఆటో కూడా దొరకలేదు. డయాలసిస్ తప్పిపోయింది. అమ్మ కాళ్లు రెండూ వాచాయి. పడుకుంటే ఊపిరి అందడం లేదని గోడకు ఆనుకుని కూచుంది. రేపు ఎవరి కాళ్లు పట్టుకునైనా తీసుకుపోతాను. మామా, ఇది కారు జబ్బేనా?

శిరీష


సిరికొండ
12 ఫిబ్రవరి

బిడ్డా,

ముందుగాల మీ అమ్మకు సెప్పు. ఇంజన్ మీద పసుపు నీళ్లు సల్లితే దయ్యం పోదు, ఉన్న వైర్లు పోతయి. పొడి బట్టతోని తుడువు. గా నిమ్మకాయలతోని పులిహోర చేస్కోండ్రి.

కారు ఎటన్న పోనీ, అక్కకు దవాఖాన తప్పనియ్యకు. మా అమ్మ సచ్చిపోయినప్పుడు నాకు నాలుగేండ్లు. బువ్వ తినిపిచ్చి సాదింది మా అక్కనే.

ఇప్పుడు సెప్పింది చెయ్యి. తాళం సగం తిప్పి ఆపు, స్టార్ట్ చెయ్యకు. ఎనక సీటు కింద పెట్రోల్ గుంజే మోటర్ ఉంటది. గది రెండు సెకన్లు గుంయ్‌మని తుమ్మెద లెక్క మొత్తుకొని ఊకోవాలె. గా సప్పుడు రాకుంటే ఇంజన్‌కు పెట్రోల్ పోతలేదన్నట్టు. అప్పుడు నువ్వు ఎంతసేపు కుయ్ కుయ్ తిప్పినా బ్యాటరీ సచ్చుడే గని బండి లేవది. అక్కను ఎనక సీట్ల కూసోవెట్టి వినుమను. నువ్వు కూసున్నప్పుడొకసారి, మహేందర్ కూసున్నప్పుడొకసారి.

సీటు యాడికి జరిపి ఉన్నదో గది గూడ రాయి.

పోశన్న


నిజామాబాద్ దవాఖాన
17 ఫిబ్రవరి, సోమవారం

మామకు,

అమ్మ లోపల మిషన్ మీద ఉంది. నేను బయట బెంచీ మీద కూచుని రాస్తున్నాను.

నిన్న నువ్వు చెప్పిన పరీక్ష చేశాం. అమ్మ వెనక సీటుకు చెవి ఆనించి వంగుకుని కూచుంది. మహేందర్ సీటు మొత్తం వెనక్కి జరిపి, అంటే బావ కూచునే తీరులోనే, తాళం సగం తిప్పాడు. "గుంయ్‌మన్నది!" అంది అమ్మ. తర్వాత నేను ఎక్కి సీటు ముందుకు లాక్కుని తిప్పాను. "లే" అంది. మూడుసార్లు మార్చి మార్చి చేశాం. ఆయనకు మూడుసార్లూ వచ్చింది, నాకు మూడుసార్లూ రాలేదు. మూడోసారికి మహేందర్ కూడా నవ్వలేదు.

ఈ పొద్దున ఎప్పటిలాగే కుయ్ కుయ్. అమ్మ వెనక నుంచి చెయ్యి చాపి నా సీటు మీద పెట్టి, "ప్రేమూ, బిడ్డా, మీ మేనత్తనురా. పానం మంచిగ లేదురా. ఒక్కసారి దవాఖానకు పోనియ్యిరా" అంది. నేను ఏడుస్తూ తిప్పాను. స్టార్ట్ అయింది మామా. దారిలో ఒక్కసారి ఆగలేదు. సంతోషపడాలి కదా? అద్దంలోకి చూడడానికి భయమేసింది. వెనక ఇద్దరు కూచున్నట్టే నడుపుకుంటూ వచ్చాను.

ఒంట్లో నాలుగు కిలోల నీళ్లు చేరాయని, ఇంకోసారి తప్పితే ప్రాణం మీదికొస్తుందని నర్సు గట్టిగా చెప్పింది. తప్పు ఆ పెట్రోల్ మోటర్‌దేనా? మోటర్‌దైతే మనిషిని చూసి మొరాయిస్తుందా? నీకు తెలిసిపోయే ఉంటుంది. చెప్పు.

శిరీష


సిరికొండ
19 ఫిబ్రవరి

శిరీషా,

గా కారు అమ్మేయి. పాత ఇనుము కొనేటోనికి ఇచ్చినా సరే. నీ చేతికి అది కలిసిరాదు. అక్కను ఆటోల తోల్కపో, కిరాయి నేను పంపిస్త.

ఇంక నన్నేం అడగకు.

పోశన్న


బోధన్
24 ఫిబ్రవరి, సోమవారం

మామా,

నీ అయిదు ముక్కల ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నా చేతికి కలిసిరాదన్నావు. అంటే నీకు తెలుసన్నమాట. బావ ఫోన్‌లో నా పేరు చూసే ఉంటావు. పదినెలలు ఒక్క మాట అనకుండా కడుపులో పెట్టుకుని, ఇప్పుడు ఇలా అన్నావు. నీ నోటితో తిట్టి ఉంటే బాగుండేది.

పోయిన ఏప్రిల్‌లో, ఆ రోజు, తొమ్మిది నలభైకి బావ నాకు ఫోన్ చేశాడు. నేను అయిదో తరగతికి పాఠం చెబుతున్నాను. పేరు చూసి కట్ చేశాను. అంతకు ముందు వారమే తాగి పదిసార్లు చేసి, పిల్లల ముందు నా పరువు తీశాడు. "తాగినప్పుడు నాకు చేయకు" అని చెప్పేశాను కూడా. మళ్లీ తాగాడనుకున్నాను. రెండోసారి మోగితే సౌండ్ బంద్ చేసి సంచిలో పడేశాను. పన్నెండింటికి సంచి తెరిచేసరికి అంతా అయిపోయింది. ఛాతి నొప్పితో దవాఖానకు పోదామని ఒక్కడే కారులో కూచున్నాడని, బ్యాటరీ చచ్చిందని, స్టీరింగ్ మీదే ప్రాణం పోయిందని చెప్పారు. నేను ఎత్తి ఉంటే అంబులెన్స్‌కు చెప్పేదాన్ని. పక్కింటివాళ్లకు చెప్పేదాన్ని. ఏదో ఒకటి చేసేదాన్ని.

మహేందర్‌కు కూడా ఈ మాట చెప్పలేదు. ఆ కారు ఎందుకు తీసుకున్నావని అడిగితే చవగ్గా వచ్చిందని అందరికీ చెప్పాను. అది అబద్ధం. దాన్ని ఎవరో పరాయివాళ్లు తోలుకుపోతుంటే చూడలేకపోయాను.

ఇప్పుడు ఎవరు కూచున్నా నడిచే బండి నేను కూచుంటే ఆగుతోంది. ఎందుకో నాకు చెప్పాల్సిన పని లేదు. సీటు ముందుకు లాక్కుంటుంటే బావ వీపు వెనక నుంచి లాగేసుకుంటున్నట్టే ఉంటుంది. నా మీద కోపం ఉంటే ఉండనీ, నాకు అది తగినదే. కానీ అమ్మ ఏం చేసింది? ఆటోలో పోయొచ్చిన ప్రతిసారీ రెండు రోజులు లేవడం లేదు. ఇక రాను, చస్తే ఇంట్లోనే చస్తానంటోంది. నేను కారు అమ్మను. నన్ను తిట్టాలనుంటే తిట్టు, అమ్మను మాత్రం బతికించు.

శిరీష


సిరికొండ
27 ఫిబ్రవరి

బిడ్డా,

నాలుగు కాగితాలు రాసి సింపిన. ఇది అయిదోది.

వాడు నీకు ఫోన్ చేసిండని నాకు తెల్వదు. వాని ఫోను నేను ముట్టలే. నీ కాగితం సదివినంకనే తెలిసింది. నీది ఏం తప్పు లేదు. కారుల దయ్యం లేదు. తప్పు నాది.

నువ్వు కూసునే సీటు కింద, సీటు జరిగే పట్టా పక్కకు, నల్ల టేపు సుట్టిన చిన్న స్విచ్చు ఉన్నది. గది నేనే పెట్టిన. పెట్రోల్ మోటర్‌కు పోయే వైరు కోసి స్విచ్చుల నుంచి తిప్పిన. స్విచ్చు బంజేస్తే కుయ్ కుయ్ అని తిరుగుతది గని బండి లేవది. ప్రేమ్ తాగి బండి తీస్తుండె. తాళం దాస్తే కొట్లాట. గందుకని వానికి తెల్వకుంట పెట్టిన. తాగొచ్చిన రోజు బంజేసి, తెల్లారి నిషా దిగినంక మల్ల ఏసేటోన్ని. వాడు "బాపూ, బండి మల్ల సతాయిస్తుంది సూడు" అంటే బానెట్ లేపి రిపేర్ చేసినట్టు నాటకం ఆడేటోన్ని. లోపల లోపల నవ్వుకునేటోన్ని గూడ.

ముందటి రాత్రి తాగొచ్చిండు గనుక గా పొద్దు స్విచ్చు బంద్‌లనే ఉన్నది. సౌందర్య తల్లిగారింటికి పోయింది. నేను ఇందల్వాయిల సుట్టాల బోరు మోటర్ చెడిపోయిందంటే ఆరింటికే పోయిన. జల్ది వచ్చి ఏద్దామనుకున్న. అంగీ తీసి మేకుకు తగిలిచ్చి మోటర్ విప్పుకుంట కూసున్న. ఫోను అంగీ జేబుల ఉన్నది. ఒంటి మీద ఉంటే వణికేది తెలుస్తది, వాని పేరు సూసి ఉరికొచ్చేటోన్ని, మేకు మీద ఉంటే చెవిటోనికేం తెలుస్తది? పదకొండు సార్లు చేసిండు. అంబులెన్స్‌కు ఎందుకు చెయ్యలేదో తెల్వదు. బాపు వస్తడు, బండి బాగు చేస్తడు అనుకున్నడేమో. గా ఫోనే నేను చెరువుల పారేసింది.

బ్యాటరీ సచ్చేదాక తిప్పిండు. ఊరంత బ్యాటరీ మోసం చేసిందన్నది. నేను అవునన్న. సౌందర్య ముంగట గూడ అవునన్న. అందరు సూడంగ కొత్త బ్యాటరీ తెచ్చి ఏసిన. ఎంత సిగ్గులేనోన్నో సూడు.

మీకిచ్చేముందు స్విచ్చు ఏసిన గని పీకెయ్యలే. గా సీటు కిందికి చెయ్యి పెట్టి పీకుదామంటే నాతోని కాలే. ఇప్పుడు గా వైరు నలిగినట్టున్నది. సీటు ముందుకు లాగితే గుంజుకొని అతుకు ఇడుస్తది, ఎనకకు జరిపితే కలుస్తది. అక్క నీ సీటు మీద చెయ్యేసి ఒత్తినప్పుడు గూడ గట్లనే కలిసి ఉంటది. నువ్వు పొట్టిదానివి, గంతే బిడ్డా. సీటు సంగతి నువ్వు రాసిన రోజే నాకు సమజైంది. మా అక్క ఊపిరాడక గోడకు ఆనిందని గదే కాగితంల సదివిన. సదివి గూడ దాసిన.

ఉరిమినా వినవడని చెవులు నాయి. గా కుయ్ కుయ్ ఒక్కటే వినవడుతది. నేను ఆడ లేను, వాడు తిప్పంగ ఎన్నడు వినలే. అయినా బువ్వ తినంగ వస్తది, పండుకుంటే వస్తది. జరసేపు ఆగుతది. హమ్మయ్య అనుకుంటె మల్ల తిప్పుతడు.

ముందుగాల బ్యాటరీ వైరు ఇప్పు. స్విచ్చు కాడి రెండు వైర్లు కోసి ఒకదానికొకటి మెలేసి గట్టిగ టేపు సుట్టు. లింబయ్యతోని చేపిచ్చినా సరే. ఇంక ఎవరు కూసున్నా నడుస్తది. ఈ సంగతి ఎవరికి సెప్పుకుంటవో నీ ఇష్టం.

పోశన్న


నిజామాబాద్ దవాఖాన
6 మార్చి, గురువారం

మామా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మూడు రోజులు నీ మీద కోపంతో అన్నం సయించలేదు. డయాలసిస్ తప్పిన ఆ సోమవారమే అమ్మ పోయి ఉంటే నువ్వు ఏం చేసేవాడివి? అప్పుడు కూడా బ్యాటరీ అనేవాడివా? ఈ మాట రాయకుండా ఉండలేను, అందుకే ముందు రాశాను.

ఆదివారం నేనే సీటు కింద చెయ్యి పెట్టాను. లింబయ్యను పిలవలేదు. స్విచ్చు దొరికింది. వైరు నువ్వు చెప్పినట్టే నలిగి, రెండు పోగుల మీద ఆగి ఉంది. కోసి, మెలేసి, టేపు చుట్టాను. సీటు ముందుకు లాక్కుని తాళం సగం తిప్పాను. "వచ్చింది" అంది అమ్మ వెనక నుంచి. స్టార్ట్ చేసి స్టీరింగ్ మీద తల పెట్టి ఏడుస్తుంటే హారన్ మోగి గల్లీ అంతా బయటికొచ్చింది. గంగమణి పరుగెత్తుకొచ్చి "పోయిండా?" అని అడిగింది. ఆమె చూసింది ఎవరినో నాకు తెలియదు. "ఎవరూ లేరు" అన్నాను. అది చెప్పడానికి ఎంత కష్టమైందో నీకు చెప్పలేను. కోపంతోనైనా సరే, ఇన్నాళ్లూ బావ ఉన్నాడనుకున్నాను.

మొన్న సోమవారమూ ఈ రోజూ బండి ఒక్క తిప్పుకే లేచింది. అమ్మ వాపు తగ్గింది, రాత్రి పడుకుని నిద్రపోతోంది.

తాగొచ్చాడని నువ్వు స్విచ్చు ఆపావు. తాగి చేస్తున్నాడని నేను ఫోన్ కట్ చేశాను. ఆ పొద్దున బావ తాగలేదు మామా. నా తప్పు లేదని నువ్వు రాస్తే నాకు ఎంత తేలికైందో, నీకూ అలాగే రాయాలని కూచున్నాను. చెయ్యి రావడం లేదు. ఇంకొన్నాళ్లకు వస్తుందేమో.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి దిండు కింద పెట్టుకుంది. తర్వాత, "ఆడ వానికి బువ్వెవరు వండుతున్నరే?" అని అడిగింది. "తోల్కరా" అంది. నేనైతే అందుకు రావడం లేదు. ఇంకో పని ఉంది.

కారు తాళాలు ఇచ్చిన రోజు సౌందర్యక్క నాతో ఒక మాట అంది. "బ్యాటరీ గుంజుతున్నదని నాకు వారం ముందుగాలనే తెలుసు శిరీషా. మార్చుమని గట్టిగ చెప్పకపోతి. నేనే సంపుకున్న" అని. మీ అందరితో మామూలుగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, మెండోరలో తల్లిగారింట్లో ఆమె పొద్దున లేచి మోసేది ఆ బ్యాటరీనే. అది నువ్వు ఆమె మీద పెట్టావు. నువ్వే దింపాలి. నేను చెప్పను, ఉత్తరం రాసి కూడా చెప్పకు. ఎదురుగా కూచుని చెప్పు. తిడితే పడాలి, కొడితే పడాలి. వెళ్లిపొమ్మంటే నేను బయట కారులో ఉంటాను.

ఆదివారం వస్తున్నాను. ముందు సీట్లో నా పక్కన కూచుందువుగాని. హారన్ కొట్టినా నీకు వినపడదు కాబట్టి పది గంటలకల్లా బయటికొచ్చి రోడ్డు మీద నిలబడు.

శిరీష